చిన్న రకం కొండచిలువ

సూరత్ లింబాయత్‌లో మా ఇల్లు కింద కార్ఖానా, పైన కాపురం. కింద సాంచాలు ఆడుతున్నంతసేపూ పై అంతస్తు నేల సన్నగా అదురుతూ ఉంటుంది. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. పెళ్లై కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ అదురుకి నాకు కునుకు పట్టేది కాదు. ఏడాది తిరిగేసరికి వ్యవహారం తారుమారైంది. కరెంటు పోయి సాంచాలు ఆగితే ఉలిక్కిపడి లేచేదాన్ని.

మా ఆయన్ని వాళ్ల నాన్న పసితనంలోనే సూరత్ తీసుకొచ్చాడు. చదువు హిందీలో సాగింది, బేరాలు గుజరాతీలో, ఇంట్లో మాట మాత్రం మా వైపు తెలుగు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచి మాట్లాడడు. ఏదైనా మొదలుపెడితే మాత్రం దాని అంతు చూడందే వదలడు. అది మంచి గుణమనే చాలాకాలం అనుకున్నాను.

ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ, మా పాప. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఉద్యోగం చేయలేదు కానీ సాయంత్రాలు గల్లీలోని పిల్లలకు సైన్సు ట్యూషన్ చెప్తాను. తెలుగిళ్ల పిల్లలే, నాతో హిందీలో మాట్లాడతారు.

పాములు మా ఇంట్లోకి సూరత్ దగ్గరి పల్సానా నుంచి వచ్చాయి. అక్కడి ఒక మిల్లులో రంగులు వేసే విభాగానికి పెద్దగా ఉండే ఆయన దగ్గరికి మా ఆయన బట్ట పనిమీద వెళ్లేవాడు. ఆయన్ని అందరూ మాస్టర్ అనేవారు. మాస్టర్ ఇంట్లో అలమరా నిండా ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో పాము. ఆఫ్రికా నుంచి వచ్చిన కొండచిలువలట. చెయ్యి పొడవు దాటి కాస్త పెరిగి, అక్కడితో ఆగిపోతాయి. భయపడితే ఉండ చుట్టుకుని తల లోపల దాచుకుంటాయి. మా ఆయన ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అంతే, ఆ నెలలోనే ఒక జత మా ఇంటికి వచ్చింది.

అత్తమ్మ ఆ రోజు అన్నం తినలేదు. పాము అనే మాట ఆమె నోట రాదు, పురుగు అంటుంది. ఇంట్లోకి పురుగును తెచ్చినవాణ్ణి కన్నానా అని గోడవైపు తిరిగి కూర్చుంది. కొన్నాళ్లకు కుదుటపడింది గానీ, మేడమీద వెనక గదిలోకి ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆ గది సాంచాలకు సరిగ్గా పైన ఉంటుంది. కింద మోటార్ల వేడికి ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. పాములకు అదే కావాలి.

ఆ చిన్న పాములతో మాకు ఏ కష్టమూ రాలేదని చెప్పాలి. పైగా ఒక సంతోషం కూడా కలిగింది. రెండూ మామూలు గోధుమరంగువే. వాటి గుడ్లు పొదిగితే ఒక పిల్ల పసుపూ తెలుపూ కలిసి, ఎర్రటి కళ్లతో బయటికొచ్చింది. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. ఆ రోజు నేను ట్యూషన్ పిల్లలకు చెప్పే బఠాణీ మొక్కల పాఠమే ఆయనకు చెప్పాను. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఆ రంగు జన్యువు దాగి ఉంటుంది, రెండూ ఒకే పిల్లలో కలిస్తే బయటపడుతుంది అని. ఆయనకు వెంటనే అర్థమైంది. సూరత్‌లోనే సలాబత్‌పురాలో చిన్నప్పుడు చూసిన జాకార్డు మగ్గాల చిల్లుల అట్టలు గుర్తొచ్చాయట. ఏ అట్ట పెడితే ఆ పువ్వు పడుతుంది. పాము లోపల కూడా అట్టలుంటాయన్నమాట అన్నాడు. రంగు విషయంలో ఆ పోలిక బాగానే ఉందని ఒప్పుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఆలోచన రంగు మీది నుంచి పరిమాణం మీదికి మళ్లింది.

ప్రపంచంలో అన్నిటికంటే పొడుగు పెరిగే కొండచిలువ ఒకటుంది. ఒంటి మీద వల పరిచినట్టు బంగారు, నలుపు గళ్లు. చూడడానికి చాలా అందంగా ఉంటుంది. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెరుగుతుంది కాబట్టి మామూలు ఇళ్లల్లో ఎవరూ పెంచలేరు. అయితే సముద్రం మధ్య కొన్ని చిన్న దీవులున్నాయి. అక్కడ తిండి తక్కువ. తరతరాలుగా ఆ దీవుల్లో ఉన్న ఈ జాతి పాములు చిన్నగానే పెరుగుతాయి. వాటిని డ్వార్ఫ్ అంటారు. ఆ అందం, ఈ చిన్నతనం కలిస్తే ఫ్లాటుల్లో ఉండేవాళ్లు ఎగబడి కొంటారని మాస్టర్ చెప్పాడు. ముంబైలో తనకు తెలిసినవాడి దగ్గర డ్వార్ఫ్ రకం పిల్లల జత ఉందన్నాడు. కాగితాల సంగతి నేను అడిగితే, అవన్నీ తర్వాత అవుతాయని చెప్పారన్నాడు మా ఆయన. అవి ఎప్పటికీ కాలేదు.

పిల్లలు వచ్చిన రోజు డబ్బా మూత తీసి చూశాను. మగది చిటికెన వేలంత సన్నం. ఆడది దానికంటే బాగా పెద్దది, తల కూడా వెడల్పు. ఒకే ఈతవా అని అడిగాను. అవునన్నాడు. అన్నాచెల్లెళ్లలో కూడా తేడాలుంటాయి కాబట్టి అప్పటికి ఊరుకున్నాను. కానీ దీవి పాములైతే తల్లి చిన్నది, గుడ్డు చిన్నది, పిల్ల కూడా చిన్నదే కావాలి కదా అని ఒక అనుమానం మనసులో మిగిలిపోయింది.

అదే ఆయనకు చెప్పాను. రంగు ఒక అట్టతో తేలుతుంది గానీ పొడుగు అలా తేలదు, దాని వెనక ఎన్నో జన్యువులుంటాయి, ఒక్కొక్కటి కాస్త కాస్త కలుపుతుంది, కొంచెం తీసేస్తుంది, పైన తిండి, వేడి వాటి పని అవి చేస్తాయి. సగం దీవి రక్తం, సగం పెద్ద జాతి రక్తం ఉన్న పాముకి పుట్టిన పిల్లల్లో ఒకటి తాతను పోలవచ్చు, ఇంకోటి నాయనమ్మను పోలవచ్చు. అమ్మేవాడు చెప్పే ముప్పావు దీవి రక్తం, సగం దీవి రక్తం అనే లెక్క వాడి నోటి మాటే. మా ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, చూద్దాం అన్నాడు.

చూడడానికి ఆయన ఎంచుకున్న పద్ధతిలోనే తప్పుంది. డ్వార్ఫ్ పాముకి తిండి తక్కువ పెట్టాలి, ఎక్కువ పెడితే చెడిపోతుందని మాస్టర్ చెప్పాడు. కాబట్టి నెలకో ఎలుక, ఒక్కో నెల అదీ లేదు. ఆ పద్ధతిలో రెండేళ్లకు పైగా గడిచాయి. ఆడపాము పెద్దగా పెరగలేదు. చూశావా, రకం చిన్నదే అని ఆయన నాకు చూపించేవాడు. వచ్చినవాళ్లకూ చూపించేవాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి మొదట్లో నేనూ నమ్మబోయాను.

ఒకరోజు నీళ్లగిన్నె మార్చడానికి గదిలోకి వెళ్లాను. ఆడపాము డబ్బా గోడకు తల ఆనించి ఉంది. చాలాసేపు చూశాను. తల పెద్దదైంది, మెడ వెనక ఒళ్లు మాత్రం తాడులా ఉంది. వెన్నెముక ఇంటి కప్పు దూలంలా పైకి తేలి, రెండు పక్కలా చర్మం జారిపోయింది. కరువు కాలంలో పశువులను చూసినవాళ్లకు ఆ ఒళ్లు తెలుస్తుంది. నేను చెయ్యి ఎటు కదిపితే దాని తల అటు కదిలింది.

సాయంత్రం ఆయన పైకి రాగానే చెప్పాను.

"అది చిన్నది కాదు. బక్కది."

"రెండేండ్లు దాటింది. పెరిగేదుంటే ఇప్పటికి పెరగకపోతుండెనా?"

"తిండి పెడితే గద పెరిగేది. నువ్వు ఆకలి చూసి జాతి అంటున్నవ్."

ఆయన వెనక గదిలోకి వెళ్లి దాన్ని ఒకసారి చూసొచ్చాడు. తర్వాత, నీకు పుస్తకంల సంగతి తెలుసు, నాకు ఇంట్ల పాము సంగతి తెలుసు అని కిందికి వెళ్లిపోయాడు. కోపంగా అన్నది కాదు. ఆయన నిజంగానే అలా అనుకున్నాడు.

మూడో ఏడు దాటాక జత కట్టించాలనుకున్నాడు. బక్కగా ఉన్న ఆడపాము గుడ్లు పెట్టదు. కాబట్టి ఇప్పుడు దానికి తిండి పెట్టాలి. మాస్టరే ఆ సలహా ఇచ్చాడు, నాలుగు నెలలు బాగా మేపమన్నాడు. ఎలుకలు, తర్వాత పందికొక్కులంత పెద్ద ఎలుకలు, ఆ తర్వాత కుందేలు పిల్లలు ఐస్‌డబ్బాలో వచ్చేవి. వాటిని పెట్టడానికి వేరే ఫ్రిజ్ కొన్నాడు. అత్తమ్మ ఆ ఫ్రిజ్ పక్కగా కూడా నడిచేది కాదు.

ఆ వర్షాకాలం అది మా కళ్లెదుటే పెరుగుతూ పోయింది. ఇన్నాళ్లూ ఆగి ఉన్నదంతా ఒక్కసారి కదిలినట్టుంది. కుబుసం విడిచిన వారానికే ఒంటి మీద గళ్లు మళ్లీ సాగి కనిపించేవి. ప్లాస్టిక్ డబ్బా చాలలేదు. వడ్రంగిని పిలిచి గోడ పొడుగునా చెక్కపెట్టె చేయించాడు, ముందు జరిపే అద్దాలు. విడిచిన కుబుసాన్ని ఒకసారి మెట్ల మీద పరిచాను. కుబుసం అసలు పాము కంటే సాగుతుందని నాకు తెలుసు, ఆ సాగింది తీసేసి చూసినా అది పై మెట్టు నుంచి కార్ఖానా గుమ్మం దాకా వచ్చింది. కింద పనిచేసే వాళ్లు సాంచాలు వదిలి వచ్చి చూశారు. ఎవరూ నవ్వలేదు. ఒకతను చెప్పులు తొడుక్కుని పక్కకు జరిగి నిలబడ్డాడు. మగపాము మాత్రం అదే తిండికి, అదే గదిలో, చేతికర్ర పొడవు కంటే కాస్త మాత్రమే పెరిగి ఆగింది. దాంట్లో దీవి రక్తం నిజంగానే ఉందేమో. రెండూ ఒకే ఈత అన్నది మాత్రం అబద్ధమై ఉంటుంది.

ఇప్పుడైనా ఒప్పుకుంటాడనుకున్నాను. తిండి ఎక్కువై ఒళ్లు చేసింది, రక్తం చిన్నదే అన్నాడు. మనిషి ఒకదాన్ని నమ్మాక కళ్లెదుటి దాన్ని కూడా ఆ నమ్మకానికే అతికించుకుంటాడని నాకప్పుడు తెలిసింది. వాదించి లాభం లేదనిపించింది. పాప మంచం మాత్రం ముందు గదిలోకి మార్చాను. వెనక గదికి బయట గొళ్లెం పెట్టించాను.

పాప సంగతి అత్తమ్మ కనిపెట్టింది. వెనక గది తలుపు తెరిచి ఉన్నప్పుడు పాప వసారాలో ఆడుకుంటే, పెట్టెలో పాము తల ఎత్తి అటే తిరుగుతుంది. నేను అటు ఇటు నడిస్తే తిరగదు, మా ఆయన నడిచినా తిరగదు. పాప పరిగెత్తితే అద్దం వెంబడి తల కూడా జరుగుతుంది. అత్తమ్మ గది గుమ్మం దాటకుండానే ఇదంతా చూసింది. ఆ రోజు నుంచి బడి వదలగానే పాపను తీసుకుని కిందికి పోయేది. సాంచాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడదు. అయినా సాయంత్రం దాకా ఆ మనుమరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, దారపు కండెల బుట్టల మధ్య కూర్చునేది. ఎందుకని మా ఆయన అడిగితే, పైన గాలి లేదని చెప్పింది.

వారానికొకరోజు కరెంటు సెలవు. ఆ రోజు సాంచాలు ఆడవు. నేల అదురు ఆగిపోతుంది. ఆ రోజుల్లో పాము పెట్టెలో కుదురుగా ఉండదని గమనించాను. మామూలు రోజుల్లో మూలన చుట్టుకుని పడి ఉండేది, ఆ రోజు మాత్రం అద్దం అంచుల వెంట మూతి రాస్తూ తిరిగేది. పాములు నేల కదలికను ఒంటితో వింటాయి. కింద సాంచాలు ఆడుతుంటే మా అడుగులు దానికి తెలిసేవి కావేమో. అవి ఆగినప్పుడు ఇంట్లో ఎవరు ఎక్కడ నడుస్తున్నారో దానికి తెలుస్తుంది. ఇది నా ఊహే. కానీ ఆ ఊహ వచ్చాక సెలవు రోజున నేను మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టాను.

చలికాలంలో రెంటినీ కలిపాడు. వేసవి మొదట్లో గుడ్లు పెట్టిన రోజు మాస్టర్ పల్సానా నుంచి స్వీట్ల డబ్బాతో వచ్చాడు. చిన్న రకమైతే పది, పన్నెండు గుడ్లు పెడుతుందని మా ఆయనకు చెప్పింది ఆయనే. పెట్టెలోకి వంగి చూశాడు. పాము చుట్టుకున్నా దాని చుట్టల్లో గుడ్లు ఇమడలేదు, పక్కలకు పొర్లి ఉన్నాయి. బత్తాయిల బండి బోర్లా పడ్డట్టుంది. మాస్టర్ మొహంలో నవ్వు పోయింది. తర్వాత నా వైపు చూడకుండా మా ఆయనతో హిందీలో, పొదిగిన వెంటనే అమ్మెయ్, ఒక్కటి కూడా ఇంట్లో పెరగనియ్యకు అన్నాడు. చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు.

అది చిన్న రకం కాదని మాస్టర్‌కు తెలుసు. మొదటి నుంచి తెలుసో, ఆ క్షణంలో తెలిసిందో చెప్పలేను.

పిల్లలు బయటపడ్డాయి. ఒక్కొక్కటి తల్లి మా ఇంటికి వచ్చినప్పుడు ఉన్నంత ఉంది, కొన్ని అంతకంటే పెద్దవి. ఫోన్లో వీడియోలు పెట్టాడు. వడోదర, నాసిక్, ఇందోర్, పుణె నుంచి అడిగారు. కొందరు కార్లలో వచ్చి తీసుకెళ్లారు. వచ్చినవాళ్లలో కుర్రజంట ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆ అమ్మాయి పాముపిల్లను గాజులా మణికట్టుకు చుట్టుకుని ఫోటో తీయించుకుంది. ఎంత పెరుగుతుందని అడిగింది. మా ఆయన తన చెయ్యి చాచి భుజం దాకా చూపించాడు. నెలకొక చిన్న ఎలుక, అంతకుమించి పెట్టకండి అని చెప్పాడు. నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. వాళ్ల ముందు నోరు మూసుకుని ఉండలేక, సరిగా తిండి పెడితే దీని తల్లంత అవుతుంది, ఒకసారి తల్లిని చూసి వెళ్లండి అన్నాను. మా ఆయన నవ్వి, మా ఆవిడకు భయమెక్కువ అన్నాడు. వాళ్లూ నవ్వారు. తల్లిని చూడలేదు.

ఆ రాత్రి ఇక అమ్మొద్దని ఆయనతో అన్నాను. అమ్మడం మాత్రం ఆగలేదు. వర్షాలు వెనక్కి తగ్గేసరికి పిల్లలన్నీ వెళ్లిపోయాయి. గుడ్లు పెట్టి చిక్కిపోయిన తల్లికి మళ్లీ తిండి తగ్గించాడు. పెట్టెలో పట్టడం లేదు, ఇంకా పెరగకుండా చూడాలన్నాడు. అప్పటికి దాని నడుం నా తొడంత ఉంది. ఆ ఒంటికి వారాల తరబడి ఏమీ పెట్టకపోతే అది ఊరుకుంటుందా అని అడిగాను. పాములు నెలలు నెలలు తినకుండా ఉంటాయన్నాడు. ఉంటాయి, నిజమే. కానీ ఆకలి లేక కాదు.

దీపావళికి సూరత్‌లో కార్ఖానాలు మూతపడతాయి. మా సాంచాల మీది వాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. పక్క కార్ఖానాల వాళ్లూ వెళ్లారు. పండగ మర్నాడు గల్లీ మొత్తం ఖాళీ. షేర్ ఆటోలు కూడా లేవు. నేల అదురు ఆగి మూడు నాలుగు రోజులైంది. ఆ నిశ్శబ్దంలో కుళాయి చుక్క పడితే వినిపించేది.

ఉదయం టిఫిన్లయ్యాక ఆయన చిన్న పాములకు ఎలుకలు పెట్టాడు. ఎలుక వాసన పోయేలా చేతులు కడుక్కున్నాడో లేదో ఆయనకే గుర్తులేదు. తర్వాత పెద్దదాని పెట్టె శుభ్రం చేయడానికి అద్దం జరిపాడు. నేను వంటగదిలో పాప జడ వేస్తున్నాను. గోడకు బస్తా విసిరినట్టు ఒక చప్పుడు వచ్చింది. కేక ఏమీ లేదు. ఆయన మామూలు గొంతుతోనే, కాస్త తగ్గించి నన్ను పిలిచాడు. ఆ పిలుపులో ఏదో తేడా ఉంది. పాపను వంటగదిలో పెట్టి బయట గొళ్లెం వేసి వెళ్లాను.

ఆయన నేల మీద మోకాళ్ల మీద ఉన్నాడు. పాము కుడి ముంజేతిని నోట పట్టుకుని ఉంది. మొదటి చుట్ట మోచేతికి పడింది. రెండోది భుజం మీదుగా చంక కిందికి దిగింది. మిగతా ఒళ్లు పెట్టెలోంచి తొందర లేకుండా ధారలా దిగుతూ ఉంది. ఆయన ఎడమ చెయ్యి మెడకు అడ్డం పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. నెత్తురు చాప మీద పడుతోంది.

తల దగ్గర లాగితే పళ్లు ఇంకా దిగుతాయి. వెనక్కి వంగిన పళ్లు అవి. తోక వైపు నుంచి విప్పాలని నాకు తెలుసు. తోక దొరకబుచ్చుకున్నాను. కానీ దాని బలం ముందు నా ఒక్కదాని బలం ఎంత. విప్పిన చుట్ట నా చేతుల్లోంచి జారి మళ్లీ పడుతోంది. ఇంకో మనిషి కావాలి. కింద ఎవరూ లేరు, గల్లీలో ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూస్తే అత్తమ్మ గుమ్మంలో ఉంది.

"తోక పట్టు అత్తమ్మా. నేను విప్పుత. నువ్వు ఇడవకు."

ఆమె కొంగు నడుముకు దోపుకుని లోపలికి వచ్చింది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆమె మొదటిసారి అడుగు పెట్టడం. రెండు చేతులతో తోకను కౌగిలించుకుని నేల మీద కూలబడి, కాళ్లు పెట్టెకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. పట్టు సడలనివ్వలేదు. నేను భుజం మీది చుట్ట విప్పాను, అది ఆమె ఒళ్లోకి జారింది. మోచేతి చుట్ట విప్పాను. తల మాత్రం చేతిని ఇంకా వదల్లేదు. అలమరాలో చేతులు తుడుచుకునే సానిటైజర్ సీసా ఉంది. పాము మూతి పక్కన, నోటి అంచులో పోశాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత దవడ సడలింది. ఆయన చెయ్యి బయటికి వచ్చింది.

ముగ్గురం గదిలోంచి ఎలా బయట పడ్డామో నాకు తెలియదు. తలుపు గొళ్లెం వేశాను. తలుపు కింది సందులో దుప్పట్లు కుక్కాను. ఆయన చేతికి నా చున్నీ బిగించి కట్టాను. పెట్టె అద్దం తెరిచే ఉంది. పాము గదిలో వదులుగా ఉంది. లోపల చిన్న పాముల డబ్బాలు ఒక్కొక్కటిగా అలమరా మీద నుంచి కింద పడుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత తలుపు చెక్కకు ఏదో ఆనుకుని పొడుగునా రాసుకుంటూ పోయిన చప్పుడు. వంటగదిలో పాప ఏడుస్తోంది. అత్తమ్మ వెళ్లి ఎత్తుకుంది. ఆమె చేతుల నిండా ఆ వాసన, ఆ నెత్తురు. పాప భుజం మీద తల పెట్టి అత్తమ్మ అప్పుడు ఏడ్చింది.

పాములు పట్టే సంస్థ వాళ్లకు ఫోన్ చేశాను. వాళ్లే అటవీశాఖ వాళ్లను కూడా వెంట తెచ్చారు. అప్పటికి ఆయన్ని పక్క గల్లీలో దొరికిన ఒకతని బండి ఎక్కించి ఆసుపత్రికి పంపాను. ఇద్దరు మగవాళ్లు, ఒక అమ్మాయి గదిలోకి వెళ్లారు. దాన్ని సంచిలో వేయడానికి ముగ్గురికీ చెమటలు పట్టాయి. ఆ అమ్మాయి బయటికొచ్చి నీళ్లు అడిగింది. ఎంత వయసని అడిగింది. చెప్పాను. తిండి సరిగా పెట్టలేదు కదా అంది. అవునన్నాను. ఇది ఇంకా పూర్తిగా పెరగలేదు అంది.

చిన్నవాటితో సహా అన్నిటినీ తీసుకెళ్లారు. కేసు పెట్టారు. అది ఇంకా నడుస్తోంది. మాస్టర్ నంబరు పనిచేయడం లేదు. పల్సానాకు మనిషిని పంపితే, పండగ ముందే మిల్లు మానేశాడని, ఎక్కడికి వెళ్లాడో తెలియదని చెప్పారు. మా ఆయన చేతికి కుట్లు మానాయి గానీ, బొటనవేలు, చూపుడువేలు సరిగా కలవవు. తెగిన పోగు ముడి వేయలేడు. సాంచాల దగ్గర ఆ పని ఇప్పుడు నేను చేస్తున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన చాలా రోజులు వెనక గది గుమ్మంలో కూర్చునేవాడు. ఖాళీ పెట్టె వైపు చూసేవాడు కాదు, నేల వైపు చూసేవాడు. ఒకరోజు నన్ను పిలిచాడు.

"నువ్వు చెప్పింది నిజమైతే, నేను అమ్మినయన్నీ గిట్లనే అయితయా?"

"అన్నీ కాకపోవచ్చు. తండ్రి చిన్నదే. కొన్ని దాన్ని పోలుతయ్, కొన్ని తల్లిని పోలుతయ్. ఏది ఏందో ఇప్పుడు చూసి చెప్పలేం."

"మరి ఎప్పుడు తెలుస్తది?"

"కడుపు నిండ పెట్టినప్పుడు."

ఆ వారం నుంచే ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను పక్కన కూర్చుంటాను, ఆయన ఎడమ చేత్తో నంబర్లు నొక్కుతాడు. జరిగింది చెప్తాడు, తన చేతి ఫోటో పంపుతాడు, అటవీశాఖకు అప్పగించమంటాడు. కొందరు భయపడి అప్పగించారు. కొందరు కేసు అవుతుందని ఒప్పుకోలేదు. ఇందోర్ అతను, నువ్వు సరిగా పట్టుకోలేదు, నా దగ్గరున్నది మంచి బుద్ధిగా ఉంది అన్నాడు. చాలామంది చెప్పేది ఒకటే. మాది పెరగనే లేదు, నువ్వు చెప్పినట్టే నెలకొక ఎలుక పెడుతున్నాం. అది విన్నప్పుడల్లా ఆయన కళ్లు మూసుకుంటాడు. తన మాటే ఇంతమంది నోట తిరిగొస్తుంటే వినడం ఎలా ఉంటుందో నేను ఊహించగలను. నెలకొక ఎలుకతో ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో అవి డబ్బాల గోడలకు తల ఆనించి ఉన్నాయో మాకు తెలియదు.

పోయిన నెల వడోదర నంబరు కలిసింది. పాముపిల్లను గాజులా చుట్టుకున్న అమ్మాయి అది. ఆమె గొంతు నేను గుర్తుపట్టాను. ఎంతో సంతోషంగా మాట్లాడింది. మీరు తక్కువ పెట్టమన్నారు గానీ పాపం బక్కగా ఉందని జాలేసి మేం వారం వారం పెడుతున్నాం, ఇప్పుడు ఎంత బాగా ఒళ్లు చేసిందో, సోఫా ఈ చివర నుంచి ఆ చివరికి వస్తుంది అంది. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

నేను మెల్లగా అంతా చెప్పాను. తల్లి సంగతి, ఆ ఉదయం సంగతి చెప్పాను. మీది తల్లిని పోలింది, వెంటనే అప్పగించండి అన్నాను. ఇంట్లో చిన్నపిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"నాకు ఇప్పుడు ఏడో నెల" అంది.

భర్త ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడి చెప్తానంది. దాన్ని ఎక్కడ ఉంచుతున్నారని అడిగాను. పెట్టె ఇంకా చేయించలేదట, గదిలోనే తిరుగుతుందట, చాలా బుద్ధిమంతురాలట. తర్వాత ఫోన్ పెట్టేసింది.

మర్నాడు చేశాం, ఎత్తలేదు. వాళ్ల ఇంటి చిరునామా మా దగ్గర లేదు. ఆ ఊళ్లో పాములు పట్టేవాళ్లకు నంబరు ఇచ్చి కనుక్కోమన్నాను. వాళ్లూ ప్రయత్నిస్తున్నామన్నారు. అప్పటి నుంచి రోజూ సాంచాలు ఆపాక ఒకసారి నేను చేస్తున్నాను, ఒకసారి ఆయన చేస్తున్నాడు. ఫోన్ పోతుంది. చివరిదాకా మోగి ఆగిపోతుంది.